మూత ఉందా?

ఆ రోజు ఇంట్లో నాన్న, అమ్మ, నేను ఉన్నాం. హోమగుండం ముందు పంతులుగారు. సోఫాలో శ్యామ్‌సుందర్ అంకుల్, ఆయన పక్కన ఆయన భార్య. మిచిగాన్‌లోని ట్రాయ్‌లోనూ చుట్టుపక్కలా ఉన్న తెలుగువాళ్లు హాలు నిండా కూర్చున్నారు. వంటింట్లో పులిహోర, చక్రపొంగలి సర్దుతూ ఉమ ఆంటీ ఉంది. వీళ్లందరితోపాటు పొగ కూడా ఉంది.

గృహప్రవేశం కదా, పొగను ఎవరూ పట్టించుకోలేదు. ముందు రోజే నాన్న స్టూలెక్కి, సీలింగ్‌కి ఉన్న స్మోక్ అలారాలన్నిటికీ ప్లాస్టిక్ కవర్లు తొడిగి రబ్బరు బ్యాండ్లు వేశారు. ఇక్కడ హోమం చేసుకునే మనవాళ్లందరూ చేసే పనే. చేయకపోతే పూర్ణాహుతి వేళకు ఫైరింజన్ వస్తుంది.

నన్ను వీధి తలుపు దగ్గర నిలబెట్టారు. చెప్పులు ఎక్కడ విప్పాలో వచ్చినవాళ్లకు చూపించడం నా పని. నేను చదివింది కైకలూరు దగ్గర పల్లెటూరి బడిలో. ఆ బడిలోనే అమ్మ టీచరు. నా ఇంటర్ అయ్యేదాకా మేమిద్దరం అక్కడే ఉండి, పోయినేడు నాన్న దగ్గరికి వచ్చాం. ఇంగ్లీష్ రాయమంటే పేజీలు రాస్తాను. మాట్లాడమంటే గొంతులోనే ఆగిపోతుంది. పంతొమ్మిదేళ్లు వచ్చినా అంతే.

బెల్ మోగింది. తలుపు తీస్తే నారింజ రంగు చొక్కా, తల మీద ప్లాస్టిక్ టోపీ, చేతిలో వాకీటాకీ.

"హాయ్! సిటీ వాటర్ అండ్ సూవర్. ఎనీ స్మోక్ ఇన్ ది హౌస్?"

అర్థమైంది. జవాబు కూడా తెలుసు.

"యెస్. పూజ," అన్నాను. అతను ఇంకేదో అనబోతుంటే ముఖం మీదే తలుపు వేసేశాను.

మళ్లీ బెల్. ఈసారి తెలుగు వినిపించింది. రాయి మీద బండి నడిచినట్టుండే తెలుగు.

"మీ స్మోక్ వేరే, మా స్మోక్ వేరే అండి. మీదానికి నెయ్యి స్మెల్ ఉంది. మాదానికి ఏ స్మెల్ లేదు. ఒకసారి బేస్‌మెంట్ డోర్ కింద చూస్తారా?"

వెనక్కి తిరిగి చూశాను. బేస్‌మెంట్ తలుపు కింద నుంచి తెల్లటి పొగ పాములా పాకుతూ హాల్లోకి వస్తోంది. పంతులుగారు మంత్రం చదువుతూనే దగ్గుతున్నారు.

"అయ్యో! నిప్పా?"

"కాదు. రోడ్డు మీద మ్యాన్‌హోల్‌లోకి మెషిన్‌తో మేమే కొడుతున్నాం. మురుగు పైపు ఎక్కడ ఓపెన్‌గా ఉంటే అక్కడ బయటికి వస్తుంది. ఈ ఏరియా పైపులన్నీ మారుస్తున్నాం, అందుకే టెస్ట్. డోర్‌కి ఆరెంజ్ పేపర్ తగిలించాం కదా? చదవలేదా?"

ఆ కాగితం నాకు గుర్తుంది. నాన్న పిజ్జా ప్రకటన అనుకున్నారు. తోరణానికి మామిడాకులు కత్తిరించేటప్పుడు కింద పరుచుకోవడానికి వాడారు. అది ఇతనికెలా చెప్పాలి?

"ఎవరే?" నాన్న లేచి వచ్చారు.

"సిటీ వాళ్లట నాన్నా. మురుగు పైపు..."

నాన్న ముఖం మారింది. పట్టుపంచె కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మాకంటే ముందు బేస్‌మెంట్ మెట్లు దిగేశారు. సోఫాలోంచి శ్యామ్‌సుందర్ అంకుల్ అరిచారు.

"ప్లంబరా అండీ? బూట్లు విప్పి రమ్మనండి, దేవుడి పని జరుగుతోంది!"

అతను బూట్లు విప్పాడు. ఒక సాక్ నీలం, రెండోది బూడిద రంగు.

కింద నేలలో గుండ్రటి కన్నం ఒకటి తెరిచి ఉంది. దాని ఇత్తడి మూత పక్కన పడి ఉంది. అందులోంచే పొగ. మూలన సంప్ గొయ్యి. మా ఊళ్లో సంపు అంటే మంచినీళ్లు దాచుకునేది. ఇక్కడ ఇంటి కింద ఊరిన వాన నీళ్లు చేరే గొయ్యి. అందులో పంపు ఉంటుంది, ఆ నీళ్లను పెరట్లోకి తోస్తుంది. ఆ పంపు గొట్టం చుట్ట చుట్టి ఉంది. చివర నుంచి నీళ్లు కారుతున్నాయి. నాన్న పంచెకు చేతులు తుడుచుకుంటున్నారు.

"ఈ మూత ఎవరు తీశారు, అంకుల్?"

"పాత ఓనర్ అయ్యుంటాడు."

"సంప్ వాటర్ ఎక్కడికి పోతుంది?"

"బ్యాక్‌యార్డ్‌కి. ఇంకెక్కడికి పోతుంది?"

అతను నీళ్లు కారుతున్న గొట్టాన్ని ఒకసారి చూశాడు. మోకాళ్ల మీద కూర్చుని మూత బిగించాడు. పొగ ఆగిపోయింది. పైకొచ్చేసరికి శ్యామ్‌సుందర్ అంకుల్ పులిహోర ప్లేటుతో తయారు.

"తెలుగబ్బాయివా? మనవాళ్ల పిల్లాడివై ఉండి డ్రైనేజీలో పనేంటయ్యా? సాఫ్ట్‌వేర్‌లో ఖాళీలు అయిపోయాయా?"

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

"సివిల్ ఇంజినీర్ అండి. మీరు ఫ్లష్ చేశాక నా ఆఫీస్ స్టార్ట్ అవుతుంది, అంకుల్."

ఈసారి అమ్మ ఒక్కతే నవ్వింది. వంటింట్లోంచి ఉమ ఆంటీ గరిటెతోనే బయటికి వచ్చింది.

"రుత్విక్! నువ్వేంటిరా ఇక్కడ?"

"డ్యూటీ, మామ్."

ఆమె చేసిన పులిహోర అంకుల్ నోట్లోనే ఆగింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద, నవ్విన అందరి మీద, తలుపు వేసిన నా చేతి మీద కూడా. కానీ ఏం లాభం? గుమ్మం దగ్గర చెప్పులు సర్దుతూ ఉండిపోయాను.

వెళ్తూ వెళ్తూ రుత్విక్ గుమ్మం దగ్గర ఆగాడు.

"రెయిన్ వస్తే ఆ మూత ఉందో లేదో చూడు, ప్లీజ్. ఈ వీధిలో మీ ఇల్లు టాప్. మాది చివర, బాటమ్. పైన మూత తీస్తే కింద మాకు తెలుస్తుంది."

"అలాగేనండీ."

"అండీ వద్దు. డోర్ మళ్లీ ముఖం మీద వేస్తావా?"

"మీరు జరగండి, చెప్తాను," అన్నాను. నా గొంతు నాకే వినిపించింది. అతను జరిగాడు. వేసేశాను.

*

తర్వాతి వారం లైబ్రరీ నుంచి నడిచి వస్తుంటే మా వీధి మలుపులో సిటీ వ్యాను ఆగి ఉంది. మ్యాన్‌హోల్ మూత పక్కకు తీసి ఉంది. రుత్విక్ టీవీ లాంటి తెర ముందు కూర్చుని ఉన్నాడు.

"హే, స్మోక్ అమ్మాయి!"

"నా పేరు గిరిజ."

"తెలుసు. మామ్ చెప్పింది. కోపం వస్తుందేమో చూద్దామని."

"వచ్చింది."

"గుడ్. ఇలా రా, ఒకటి చూపిస్తా."

చిన్న చక్రాల బండికి కెమెరా కట్టి పైపులోకి దింపారు. తెర మీద గుండ్రటి సొరంగం, అడుగున సన్నగా పారే నీళ్లు. గోడల్లోంచి చెట్ల వేళ్లు చొచ్చుకొచ్చాయి. అక్కడక్కడా పగుళ్లు.

"ఈ పైపు మా మామ్ కంటే పాతది. బయటి నుంచి చూస్తే అన్నీ నైస్ ఇళ్లు, గ్రీన్ లాన్లు. కింద ఇదీ సంగతి."

"మా ఊళ్లో మురుగు అందరి గుమ్మాల ముందు నుంచే పోతుంది. ఎవరు అడ్డం వేశారో కళ్ల ముందే కనిపిస్తుంది. పొద్దున్నే గొడవ, సాయంత్రానికి శుభ్రం."

రుత్విక్ తెర వదిలేసి నా వైపు తిరిగాడు. "దట్స్ ద బెస్ట్ సిస్టమ్! ఇక్కడ కెమెరా కావాలి, ట్రక్ కావాలి, పర్మిట్ కావాలి. మీకు ఒక గొడవ చాలు."

నవ్వొచ్చింది. అతను నా నవ్వునే చూస్తుంటే తెర మీద బండి గోడకు గుద్దుకుంది.

"నంబరివ్వు. రెయిన్ వస్తే మూత గురించి అడగాలి కదా."

"రోజూ అడుగుతావా?"

"మిచిగాన్‌లో రోజూ రెయిన్ రాదు. బ్యాడ్ లక్."

మర్నాడు ఎండ దంచుతోంది. మెసేజ్ వచ్చింది. 'మూత ఉందా?'

'ఎండగా ఉంది,' అని రాశాను.

'అయినా.'

కిందికి వెళ్లి చూసి 'ఉంది' అన్నాను. ఆ తర్వాత రోజూ అడిగేవాడు. నేను మంచం దిగకుండానే 'ఉంది' అనేదాన్ని. అతనికి మూత సంగతి అక్కర్లేదని నాకు తెలుసు. నాకు తెలుసని అతనికీ తెలుసు. సాయంత్రాలు అతని ట్రక్ మలుపులో ఆగేది. నేను మజ్జిగ తీసుకెళ్లేదాన్ని. పచ్చిమిర్చి కొరికి కళ్లనీళ్లు పెట్టుకుంటూ "ఇట్స్ ఫైన్, ఇట్స్ ఫైన్" అనేవాడు.

ఆ నెలలోనే నాన్న పెరట్లో కొత్త లాన్ వేయించారు. చాపల్లా చుట్టిన గడ్డి తెచ్చి పరిచారు. చెప్పులతో కూడా తొక్కనిచ్చేవారు కాదు. శ్యామ్‌సుందర్ అంకుల్ వచ్చి "గోల్ఫ్ కోర్సులా ఉందండీ నరసింహ గారూ!" అంటే నాన్న ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు.

జూలై చివర్లో గాలివాన వచ్చింది. తెల్లారేసరికి ఉమ ఆంటీ బేస్‌మెంట్‌లో మోకాలి లోతు మురుగు. ఆమె వంటల వ్యాపారమంతా అక్కడే. బియ్యం బస్తాలు, ఫ్రీజరు, పెళ్లిళ్లకు తీసుకెళ్లే గిన్నెలు అన్నీ మునిగిపోయాయి.

పాపం అనాల్సినవాళ్లు మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఇలా రాశారు.

'రోజూ డీప్ ఫ్రై ఐటమ్స్ కదా. నూనంతా సింక్‌లో పోస్తే ఇంతే. శ్యామ్‌సుందర్.'

దాని కింద మా నాన్న. 'వీధి మొత్తానికి చెడ్డపేరు. వరలక్ష్మీ వ్రతానికి ఆర్డర్ ఇచ్చేముందు అందరూ ఆలోచించండి.'

ఒక్క రోజులో ఆర్డర్లన్నీ కేన్సిల్ చేశారు. ఆమె పులిహోర తిని వేళ్లు నాకినవాళ్లే చేశారు.

మర్నాడు సాయంత్రం రుత్విక్ మజ్జిగ తీసుకోలేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను తెలియక అడిగేశాను.

"ఆంటీ నిజంగానే నూనె సింక్‌లో పోస్తారా?"

"నువ్వు కూడానా?" అన్నాడు. ఒక్కసారిగా గొంతు పెరిగింది. "మామ్ ఒక్క డ్రాప్ పొయ్యదు. వాడిన నూనె డబ్బాల్లో పోసి నాతో రీసైక్లింగ్ సెంటర్‌లో ఇప్పిస్తుంది. పైపులో కెమెరా పెట్టారు. నూనె లేదు! ఉన్నది రెయిన్ వాటర్. పైన ఎవరో సంప్ గొట్టం తెచ్చి సూవర్ పైపులో పెట్టారు. పైపు పట్టదు, నిండిపోతుంది, లోయెస్ట్ హౌస్‌లో పైకి తంతుంది. మా హౌస్‌లో."

"అయితే గ్రూపులో ఆ మాట చెప్పు!"

"నేను చెప్తే? కొడుకు కదా, అమ్మని కవర్ చేస్తున్నాడు అంటారు. ఆఫీస్‌లో కూడా ఈ వీధి నుంచి నన్ను తీసేశారు. సొంత ఇల్లు ఉంది కాబట్టి, రూల్. ఇక ఎవరైనా వాళ్లంతట వాళ్లు చెప్పాలి, లేకపోతే సూపర్‌వైజర్ ప్రతి ఇల్లూ చెక్ చేయాలి. అప్పటికి మామ్ బిజినెస్ ఉండదు."

"నాకెలా తెలుస్తుంది? నా మీద అరుస్తావేంటి?"

"నిన్న నువ్వు గ్రూప్ మెసేజ్ చదివావు. ఈరోజు నన్ను అడిగావు. మీ నాన్నను అడిగావా?"

ట్రక్ ఎక్కి వెళ్లిపోయాడు. మజ్జిగ గ్లాసు నేల మీద పెట్టి ఏడ్చాను. ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చింది. నా ఫోన్‌లో 'మూత ఉందా?' రావడం ఆగిపోయింది.

*

ఆగస్టులో ఒక శనివారం మధ్యాహ్నం మళ్లీ వాన పట్టుకుంది. నాన్న, శ్యామ్‌సుందర్ అంకుల్ వెనక గాజు తలుపు దగ్గర కుర్చీలు వేసుకుని, మిరపకాయ బజ్జీలు తింటూ, లాన్ మీద పడే వానను చూస్తున్నారు.

"ఒక్క చోట కూడా నీళ్లు నిలవలేదండీ! ఏం మెయింటెనెన్స్!"

నేను బజ్జీల ప్లేటు పట్టుకుని అక్కడే ఆగిపోయాను. కాళ్ల కింద బేస్‌మెంట్‌లో పంపు గుర్రుమంటోంది. సంప్ తోడుతోంది. తోడితే నీళ్లు పెరటి గోడకున్న పైపు మూతిలోంచి లాన్ మీద పడాలి. చూరు కింద ఆ మూతి ఎండి ఉంది. దానికి సాలెగూడు కూడా ఉంది.

మరి ఆ నీళ్లు ఎక్కడికి పోతున్నాయి?

ప్లేటు టేబుల్ మీద పెట్టి మెట్లు దిగాను. ఇత్తడి మూత గోడ వారన ఉంది. సంప్ గొట్టం నేలలోని కన్నంలోకి దూర్చి ఉంది. లోపల నీళ్లు హోరున పోతున్నాయి. కిందికి. ఉమ ఆంటీ ఇంటికి.

గృహప్రవేశం నాడు చుట్ట చుట్టి కారుతున్న గొట్టం, పంచెకు తుడుచుకున్న చేతులు, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. రోజూ మంచం మీద నుంచి పంపిన నా 'ఉంది'లు కూడా.

ఫోన్ తీశాను. 'మూత లేదు. మా నాన్నే తీశారు.' పంపేశాను.

తర్వాత గొట్టం లాగేశాను. చల్లటి నీళ్లు కాళ్ల మీద గుమ్మరించాయి. చప్పుడుకు ముందు నాన్న, వెనక అంకుల్, వాళ్ల వెనక అమ్మ వచ్చారు.

"ఏం చేస్తున్నావే? పెట్టెయ్ అక్కడ!"

"పెట్టను."

"గిరిజా! ఆ నీళ్లు వదిలితే మొదట్నుంచీ పెరడంతా బురదే. ఇప్పుడు గడ్డి కుళ్లిపోతుంది. ఎంత పోసి వేయించానో తెలుసా?"

"ఉమ ఆంటీ బియ్యం బస్తాలు కుళ్లిపోయాయి. అవి తెలుసా మీకు?"

"ఆమె నూనె పోసుకుంటే..."

"నూనె లేదు నాన్నా! ఇవి మన నీళ్లు. మన నీళ్లు ఆవిడింట్లో పోసి, ఆవిడే తప్పు చేసిందని మీరే రాశారు. రాసేటప్పుడు మీకు తెలుసు."

నాన్న చూపు గోడ వారనున్న మూత మీదికి పోయింది. తెలుసు. తెలియక చేశారనే మాట కోసం ఎంత ఎదురుచూశానో అప్పుడే తెలిసింది.

శ్యామ్‌సుందర్ అంకుల్ సర్దబోయారు. "చిన్న విషయానికి ఇంత రాద్ధాంతం ఏంటమ్మా? ఇన్నాళ్లూ నువ్వు మూగపిల్లవనుకున్నాను."

"నేనూ అలాగే అనుకున్నాను అంకుల్. మీరు నూనె అని రాసే ముందు పైపులోకి తొంగిచూశారా?"

ఆయన చేతిలోని బజ్జీ వైపు చూసుకున్నారు.

అమ్మ మాత్రం పైకి వెళ్లి కూరగాయల కత్తి తెచ్చింది. చీర కుచ్చిళ్లు దోపుకుని నీళ్లలో దిగి, గొట్టం మూతిని పెరట్లోకి పోయే గోడ పైపుకు ఆనించి నన్ను పట్టుకోమంది. కత్తి మొనతో బిగింపు స్క్రూ తిప్పింది. బడిలో పిల్లాడు బోర్డు మీద తప్పు రాస్తే, అది తుడిచేదాకా అమ్మ పాఠం ముందుకు జరిపేది కాదు.

"వాళ్లబ్బాయి మన ఇంటికొచ్చి బూట్లు విప్పి నిలబడ్డాడండీ," అంది నాన్నతో, స్క్రూ మీద నుంచి చూపు తిప్పకుండా. "మనం ఆమెకు ఏం చేశాం?"

ఇత్తడి మూతను నేనే బిగించాను. పైన గాజు తలుపులోంచి చూస్తే గోడ పైపు సాలెగూడును చీల్చుకుని బుస్సున కక్కుతోంది. గోల్ఫ్ కోర్సు మధ్యలో బురద గుంట పడింది.

బెల్ మోగింది.

"తలుపు తీయకు," అన్నారు నాన్న.

తీశాను. నారింజ చొక్కా తడిసి ముద్దయిన రుత్విక్. మా ఇద్దరిలో ఎవరు ఎక్కువ తడిశామో చెప్పడం కష్టం.

"మెసేజ్ చూశాను," అన్నాడు.

"నీ మీద నాకు ఇంకా కోపంగానే ఉంది. ఆ రోజు అరిచావు."

"నాకు కూడా. ఇన్ని రోజులు ఉంది, ఉంది అన్నావు."

"అడిగింది మూత గురించి కాదనుకున్నాను."

"కాదు." వాన నీళ్లు కనుబొమల మీద నుంచి కారుతున్నాయి. "మూత గురించి మాత్రమే కాదు. ఐ లైక్ యూ, గిరిజా. కోపంగా ఉన్నా లైక్ చేస్తున్నా. అది తర్వాత మాట్లాడదాం, ఓకే? మా సూపర్‌వైజర్ ఇప్పుడు మా ఇంట్లో ఉంది. మళ్లీ నీళ్లు వస్తున్నాయని ఆవిడే వచ్చింది. నేను చెప్తే లెక్కలోకి రాదు."

"నేను చెప్తాను."

"తెలుగులో చెప్పు, నేను ట్రాన్స్‌లేట్..."

"వద్దు. నువ్వు చెప్తే అమ్మ కోసం అంటారు. ఇంగ్లీష్‌లో నేనే చెప్తాను." ఒకసారి అని చూసుకున్నాను. "ద వాటర్ ఈజ్ అవర్స్."

"పర్ఫెక్ట్."

"నవ్వకు."

"నవ్వట్లేదు," అన్నాడు, నవ్వుతూ.

"గిరిజా!" నాన్న హాలు మధ్యలోకి వచ్చేశారు. "గడప దాటావంటే చూడు! వీధిలో నా పరువు తీస్తావా? లోపలికి రా. వచ్చి తలుపు వెయ్!"

కాలు గడప మీద ఆగింది. ఇవాళ్టి దాకా ఆ గొంతుకు నేను ఎదురు నడవలేదు. వెనక్కి తిరిగి చూశాను. అమ్మ వస్తోంది. చేతులకు బురద. ఒక చేతిలో గొడుగు.

గొడుగు నా చేతిలో పెట్టింది. రుత్విక్‌ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. బూట్లు గుమ్మం బయటే విప్పేశాడు. ఇవాళ కూడా సాక్స్ జత కుదరలేదు.

"ఉమ గారికి నేను సాయంత్రం వస్తానని చెప్పు బాబూ. బేస్‌మెంట్ కడగడానికి రెండు చేతులు ఎక్కువుంటే మంచిది."

"ఓకే, ఆంటీ."

"అమ్మా, నాన్న..."

"నాన్న సంగతి నాది. నువ్వు సగం చెప్పి రాకు. మొత్తం చెప్పి రా."

వెనక నాన్న మళ్లీ అరిచారు. అమ్మ నా భుజం మీద చేయి వేసి గడప అవతలికి తోసింది. తలుపు వేసేసింది.